‘ఫ్రాంకెన్‌స్టైన్’: మార్కుల కోసం తెరిచినా ఇష్టంగా ముగించే నవల

బడిలో చదవమని ఇచ్చిన నవల అనగానే సగం ఆసక్తి అక్కడే చచ్చిపోతుంది. ఏ పేజీ నుంచి ప్రశ్న వస్తుందో అన్న బెంగతో చదివే పుస్తకం ఏదైనా అంతే. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’కి ఇంకో చిక్కు కూడా ఉంది. పుస్తకం తెరవకముందే కథంతా తెలుసనిపిస్తుంది. మెడకి బోల్టులు, నుదుటి మీద కుట్లు, మెరుపుని కిందికి దించే యంత్రం, కోట, గూని సేవకుడు. వీటిలో ఒక్కటీ నవలలో లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది రాక్షసుడి పేరు కూడా కాదు, వాణ్ణి తయారుచేసిన కుర్రవాడి పేరు. తయారైనవాడికి పుస్తకం మొత్తంలో పేరే పెట్టరు.

నవలలో ఆ రాత్రి ఎలా ఉంటుందంటే: నవంబరు నెల, తెల్లవారుజాము ఒంటిగంట. ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అద్దెకుంటున్న ఇంటి పై అంతస్తు గది. కిటికీ అద్దాల మీద వాన చినుకులు. కొవ్వొత్తి చివరికొచ్చింది. ఆ మసక వెలుతురులో ఒక పసుపుపచ్చ కన్ను తెరుచుకుంటుంది. అంతే. ప్రాణం ఎలా పోశాడో చెప్పే వర్ణన లేదు, ఎవరూ కేకలు పెట్టరు. రెండేళ్లు దాని కోసం తిండీ నిద్రా మానుకున్నవాడు ఆ క్షణంలోనే భయపడి గదిలోంచి పారిపోతాడు. పుట్టినవాడు వెతుక్కుంటూ వచ్చి, మంచం తెర తొలగించి, ఏదో చెప్పబోయి చెయ్యి చాస్తాడు. విక్టర్ మళ్లీ పారిపోతాడు. తరవాత జరిగే చావులన్నిటికీ మొదలు ఇదే.

పరీక్ష కోసం మొదలుపెట్టినవాళ్లు ఈ పుస్తకాన్ని ఇష్టంగా ముగించడానికి కారణం భయం కాదు. ఇది అసలు భయపెట్టే నవల కాదు, వాదించే నవల. మాట్లాడేవాళ్లు ముగ్గురు. ఆర్కిటిక్ సముద్రంలో ఓడ నడిపిస్తున్న రాబర్ట్ వాల్టన్ తన అక్కకి ఉత్తరాలు రాస్తుంటాడు. ఆ ఉత్తరాల్లో విక్టర్ తన కథ చెబుతాడు. విక్టర్ కథ నట్టనడుమ, అతను తయారుచేసిన ప్రాణి తన కథ చెబుతుంది. ప్రతివాడికీ ఎదుటివాడి నుంచి ఏదో ఒకటి కావాలి. వాల్టన్‌కి స్నేహితుడు కావాలి. విక్టర్‌కి తన తప్పు లేదనిపించుకోవాలి, తన పగ తీర్చేవాడు కావాలి. ఆ ప్రాణికి తనలాంటి తోడు ఒకరు కావాలి. ఎవరి మాట నమ్మాలన్నది చదివేవాళ్లకే వదిలేస్తుంది రచయిత్రి. తరగతిలో ఇద్దరు విద్యార్థులు ఈ నవల చదివితే విక్టర్ దోషా కాదా అని పోట్లాడుకోకుండా ఉండటం కష్టం. ఆ పోట్లాటే దీని రుచి.

అయితే అక్కడిదాకా చేరాలి. చాలామంది ఆగిపోయేది మొదటి ఇరవై పేజీల్లోనే. రాక్షసుడి కథ అనుకుని తెరిస్తే, ఎవరో నావికుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి అక్కకి రాసిన ఉత్తరాలు కనిపిస్తాయి. వేరే పుస్తకం వచ్చిందా అనిపిస్తుంది. ఉత్తరాలు నాలుగు. మొదటి మూడూ చిన్నవే, తొందరగా చదివేయొచ్చు. నాలుగోది మాత్రం నిదానంగా చదవాలి. ఓడ మంచులో ఇరుక్కుని ఉండగా, అర మైలు దూరంలో బ్రహ్మాండమైన ఆకారం ఒకటి కుక్కలు లాగే బండి మీద ఉత్తరం వైపు వెళ్లడం నావికులు చూస్తారు. మర్నాడు పొద్దున తేలుతున్న మంచుగడ్డ మీద చావుకి దగ్గరైన మనిషి ఒకడు దొరుకుతాడు. అతని బండి కుక్కల్లో బతికున్నది ఒక్కటే. పైకి రమ్మని పిలిస్తే, ముందు మీ ఓడ ఎటు వెళ్తోందో చెప్పండి అంటాడు. ఉత్తరధ్రువం వైపు అన్న తరవాతే ఎక్కుతాడు. గడ్డకట్టి చస్తున్న మనిషి కాపాడటానికి వచ్చినవాళ్లని దారి అడగడం ఏమిటి? దీనికి జవాబు నవల చివరి అధ్యాయంలో గాని దొరకదు. ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే మొదటి పేజీల బరువు సగం తగ్గిపోతుంది.

తరవాత విక్టర్ బాల్యం. ఇక్కడ కొంత వేగం పెంచినా నష్టం లేదు. గుర్తుంచుకోవాల్సినవి మూడే. పదమూడేళ్ల వయసులో కార్నీలియస్ అగ్రిప్పా రాసిన పాతకాలపు రసవాద గ్రంథం ఒకటి దొరకడం, అది చెత్త అని తండ్రి ఒక్క మాటలో కొట్టిపారేయడం, ఎందుకు చెత్తో చెప్పకపోవడం. చెప్పి ఉంటే తను ఆ దారిన పోయేవాణ్ణి కాదంటాడు విక్టర్. పదిహేనేళ్లప్పుడు పిడుగు పడి పెద్ద ఓక్ చెట్టు మోడైపోవడం. పదిహేడేళ్లప్పుడు ఇంగోల్‌స్టాట్ బయల్దేరే ముందు తల్లి చనిపోవడం. శవాల గదుల్లోంచి, కబేళాల్లోంచి విక్టర్ భాగాలు పోగుచేసే చోట మళ్లీ నిదానించాలి. ఎనిమిది అడుగుల పొడుగు ఎందుకు? చిన్న చిన్న భాగాలు కూర్చడం ఆలస్యమవుతోందని పెద్ద కొలతలకి మారతాడు. తన తొందర కోసం తీసుకున్న నిర్ణయం అది. ఆ ఎత్తు వల్లే తరవాత మనుషుల్లో కలవలేకపోయినవాడు మాత్రం వేరొకడు.

నవలలో అన్నిటికంటే గొప్ప భాగం మధ్యలో ఉంది. మాంట్ బ్లాంక్ పక్కన హిమానీనదం మీద విక్టర్‌కి తన సృష్టి ఎదురొస్తుంది. రాక్షసుడు గర్జిస్తాడని ఎదురుచూస్తే, అతను చక్కని భాషలో, ఆగి ఆగి, న్యాయం అడుగుతాడు. నీ రూపం నా కళ్ల ముందు నుంచి తీసెయ్ అని విక్టర్ అరుస్తాడు. అప్పుడా ప్రాణి చేసే పని చూడండి. తన చేతులతో విక్టర్ కళ్లు మూస్తాడు. ఇలా నిన్ను కాపాడుతున్నాను, ఇక నేను చెప్పేది విను అంటాడు. విక్టర్ ఆ చేతులు విదిలించి కొడతాడు, కానీ వింటాడు.

ఈ సైగని పట్టుకుంటే నవల మొత్తం విప్పుకుంటుంది. చూసినవాళ్లు అతన్ని కొడతారు, విన్నవాళ్లు మనిషిగా చూస్తారు. అడవిలో గుడిసెలో ఉండే ముసలి డి లేసీకి చూపు లేదు. నవలలో అతన్ని ఆదరంగా కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషి ఆయనొక్కడే. అంతలో కొడుకు ఫెలిక్స్ తలుపు తెరిచి చూస్తాడు, కర్రతో కొట్టి తరుముతాడు. తరవాత ఒక పసివాడు కనిపిస్తే, పిల్లలకి ఇంకా ద్వేషం తెలియదు కదా అని చేరదీయబోతాడు. ఆ పిల్లవాడు చేతులతో కళ్లు మూసుకుని కెవ్వున అరుస్తాడు. చివర్లో వాల్టన్ కూడా అతని ముఖం చూసి తెలియకుండానే కళ్లు మూసేసుకుంటాడు. కళ్లు మూసుకున్నాకే అతన్ని ఉండమని పిలుస్తాడు, చివరి మాటలు వింటాడు. నాలుగు చోట్లా కళ్లే. ఇక పుస్తకం చదివే మనకి ఆ ముఖం కనబడనే కనబడదు, అక్షరాలే వినిపిస్తాయి. డి లేసీ కూర్చున్న చోట మనల్ని కూర్చోబెడుతుంది నవల. రాక్షసుడి పక్షాన ఎప్పుడు చేరిపోయామో తెలియకపోవడానికి కారణం ఇదే.

రంగస్థలం మీదా, తెర మీదా ఈ కథ ఎందుకు మారిపోయిందో కూడా దీంతో తెలుస్తుంది. నవల వచ్చిన ఐదేళ్లకే, 1823లో, లండన్‌లో దీన్ని నాటకంగా ఆడారు. అందులో రాక్షసుడికి మాటలు తీసేశారు, ఫ్రిట్జ్ అనే సేవకుణ్ణి చేర్చారు. 1931లో వచ్చిన హాలీవుడ్ సినిమాలోనూ అతను మూగవాడే, మూలుగుతాడు తప్ప మాట్లాడడు. చూడటానికి మాత్రమే ఉన్న రాక్షసుడు భయపెట్టగలడు, అంతకుమించి ఏమీ చేయలేడు. సినిమా చూసి పరీక్ష రాస్తే మార్కులు పోయేది కూడా ఇక్కడే. అతను ఏం చదివాడు, ఎవరి దగ్గర భాష నేర్చుకున్నాడు, విక్టర్‌ని ఏమి కోరాడు అన్న ప్రశ్నలకి సినిమాలో జవాబు ఉండదు.

ఆ మధ్య భాగాన్ని ఇంకాస్త దగ్గరగా చూద్దాం. పుట్టిన కొత్తలో అతనికి వెలుతురూ చీకటీ చలీ ఆకలీ అన్నీ కలగాపులగంగా తెలుస్తాయి. ఒక్కొక్కటే విడదీసుకుంటాడు. బిచ్చగాళ్లు వదిలి వెళ్లిన నిప్పు దొరికితే సంతోషంతో అందులో చెయ్యి పెట్టి కాల్చుకుంటాడు. తడి కట్టెలు మంట పక్కన పెడితే ఆరి అవే అంటుకున్నాయని గమనిస్తాడు. బాటసారులు కాల్చి వదిలేసిన మాంసం రుచిగా ఉందని తను ఏరుకున్న తిండిని కూడా నిప్పుల మీద పెట్టి చూస్తాడు. పళ్లు పాడయ్యాయి, గింజలూ దుంపలూ బాగుపడ్డాయి. పద్ధెనిమిది పంతొమ్మిదేళ్ల రచయిత్రి ఒక మనసు మొదటిసారి లోకాన్ని తెలుసుకోవడం ఎలా ఉంటుందో ఇంత వివరంగా ఆలోచించింది. ఈ పేజీలు చదివాక ‘పాత నవలలు విసుగు’ అనే మాట నోటికి రాదు.

డి లేసీ ఇంటికి ఆనుకున్న చిన్న కొట్టంలో దాక్కుని, గోడ పగులులోంచి వాళ్లని చూస్తూ ఏడాది గడుపుతాడు. మొదట్లో రాత్రిపూట వాళ్ల తిండి కొంత దొంగిలించేవాడు. వాళ్లు పేదవాళ్లనీ, పిల్లలు తాము పస్తుండి ముసలాయన ముందు కంచం పెడుతున్నారనీ గ్రహించాక మానేస్తాడు. పైపెచ్చు రాత్రిళ్లు కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మం ముందు వేస్తాడు, దారిలో మంచు ఊడుస్తాడు. ఏదో మంచి ఆత్మ చేస్తోందనుకుంటారు వాళ్లు. అరబ్ యువతి సఫీకి ఫెలిక్స్ భాష నేర్పుతుంటే గోడవతల నుంచి ఇతనూ నేర్చుకుంటాడు. అడవిలో దొరికిన సంచిలో మూడు పుస్తకాలుంటాయి: మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’, ప్లుటార్క్ రాసిన జీవిత చరిత్రల్లో ఒక సంపుటం, గోథే ‘వెర్తర్’. తను వేసుకున్న కోటు జేబులో విక్టర్ దినచర్య దొరుకుతుంది, పుట్టుకకి ముందు నాలుగు నెలలది. తనని తయారుచేసినవాడికి తన మీద ఎంత అసహ్యమో అందులో చదువుకుంటాడు. పరీక్షకి ఈ నాలుగు రాతలూ ఒక్కొక్కటీ అతనికి ఏమి నేర్పాయో విడిగా రాసుకోవడం మంచిది. ఎక్కువగా అడిగేది అదే.

ఇక ఈ పుస్తకంతో ఎక్కడ ఇబ్బంది పడతారో కూడా చెప్పాలి. సఫీ కుటుంబ చరిత్ర వచ్చే అధ్యాయం కథని ఆపేస్తుంది. అది లేకపోయినా కథ నడుస్తుంది. మూడో భాగం మొదట్లో విక్టర్, అతని స్నేహితుడు క్లెర్వల్ రైన్ నది వెంట, ఆ తరవాత ఇంగ్లండ్‌లో చేసే ప్రయాణం వర్ణనలతో సాగదీసినట్టుంటుంది. అక్కడ వేగంగా వెళ్లి ఆర్క్‌నీ దీవుల దగ్గర ఆగాలి. ఆడప్రాణిని సగం తయారుచేసి విక్టర్ ముక్కలు చేసే రాత్రి అక్కడే. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ పాత్ర పలచన. మంచితనం తప్ప ఆమెకి ఇంకేమీ ఇవ్వలేదు రచయిత్రి, ఒక్క పనిపిల్ల జస్టిన్ విచారణ దగ్గర తప్ప. వాక్యాలు పొడుగు, మధ్యలో సెమీకోలన్‌తో విరిచి విరిచి నడుస్తాయి. తెలియని ప్రతి మాటకీ నిఘంటువు తీస్తే పేజీకి పావుగంట పడుతుంది, కథ చెయ్యి జారుతుంది. పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ముందుకి వెళ్లి, అధ్యాయం అయ్యాక రెండుసార్లకి మించి గీత పడ్డ మాటలే వెతకడం మేలు.

పెళ్లిరాత్రి నీ దగ్గరికి వస్తానని ఆ ప్రాణి విక్టర్‌ని బెదిరిస్తే ఆ బెదిరింపు ఎవరికన్నది విక్టర్‌కి తప్ప చదివేవాళ్లందరికీ అర్థమవుతుంది. చాలామంది దీన్ని కథలో లోపం అంటారు. నిజానికి అతని స్వభావానికి ఇంతకంటే మంచి రుజువు లేదు. దెబ్బ ఎటునుంచి వచ్చినా తగిలేది తనకే అనుకునే మనిషి అతను. జస్టిన్ విషయంలోనూ అంతే. చెయ్యని హత్యకి ఆ పనిపిల్లని ఉరితీయబోతుంటే, అసలు హంతకుడెవరో తెలిసిన ఏకైక మనిషి కోర్టులో నోరు మెదపడు. చెబితే పిచ్చివాడంటారట. పైగా ఆమె బాధకంటే తన బాధే పెద్దదంటాడు. మతగురువు బెదిరింపులకి లొంగి జస్టిన్ చెయ్యని నేరం ఒప్పుకుంటుంది. ఈ రెండు అధ్యాయాలూ చదివేటప్పుడు విక్టర్ మీద కోపం రాకపోతే మళ్లీ ఒకసారి చదవాలి.

విక్టర్ ప్రతి విపత్తు తరవాతా జబ్బుపడతాడు. మొదటిసారి నెలల తరబడి మంచం మీదే. ఇది విసుగనిపించేవాళ్లకి ఒక పద్ధతి బాగా పనికొస్తుంది. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ వైపు విక్టర్, కుడి వైపు అతని సృష్టి, ఒకే కాలంలో ఎవరేం చేస్తున్నారో రాసుకోవాలి. ఆ మొదటి చలికాలం ఎడమ పక్క విక్టర్‌కి చిన్ననాటి స్నేహితుడు క్లెర్వల్ పక్కనే కూర్చుని సేవ చేస్తున్నాడు. కుడి పక్క అతను కన్నవాడు అడవిలో నిప్పు వెతుక్కుంటున్నాడు. తరవాతి కాలంలో ఎడమ పక్క విక్టర్, క్లెర్వల్ తూర్పుదేశాల భాషలు చదువుతున్నారు. కుడి పక్క గోడవతల చెవి పెట్టి మరొకడు మొదటి అక్షరాలు నేర్చుకుంటున్నాడు. విడిగా చదివితే కనబడని అమరిక ఇది, కాగితం మీద పెట్టగానే కళ్లకి కడుతుంది. వ్యాసం రాయడానికి ఇంతకంటే మంచి సరుకు గైడుల్లో దొరకదు.

ఇంకొక చిన్న వాక్యం చివర్లో దాగి ఉంది, దాన్ని వదలకూడదు. వాల్టన్ తన కథని రాసుకుంటున్నాడని తెలిసి విక్టర్ ఆ కాగితాలు అడిగి తీసుకుంటాడు, చాలాచోట్ల తన చేత్తో దిద్దుతాడు, కలుపుతాడు. ముఖ్యంగా తన శత్రువుతో జరిగిన సంభాషణలు. అంటే ఆ ప్రాణి మాటలు మనకి చేరింది విక్టర్ దిద్దిన తరవాతే. అయినా అతని వాదం అంత బలంగా వినిపిస్తోందంటే అసలు మాటలు ఇంకెలా ఉండి ఉంటాయో! ఒక్క వాల్టన్‌తో మాట్లాడిన చివరి మాటలు మాత్రం విక్టర్ చేతి కింద పడలేదు. అప్పటికి అతను చనిపోయాడు.

పుస్తకం ఎంచుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు, కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఈ నవలకి ముఖ్యమైన పాఠాలు, అంటే రచయిత్రి రాతకి అచ్చయిన రూపాలు, రెండు. మొదటిది 1818 జనవరి 1న మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా, 500 ప్రతులు వచ్చింది. రెండోది 1831లో ఆమె స్వయంగా సవరించి, కొత్త పరిచయం రాసి ఒకే సంపుటంగా ఇచ్చింది. మొదటి దాంట్లో అధ్యాయాల సంఖ్య ప్రతి సంపుటానికీ మళ్లీ ఒకటితో మొదలవుతుంది: ఏడు, తొమ్మిది, ఏడు, మొత్తం 23. రెండో దాంట్లో మొదటి అధ్యాయాన్ని రెండు చేశారు, వరుసగా 24. క్లాసులో ఒక పాఠం, చేతిలో ఇంకో పాఠం ఉంటే అధ్యాయం సంఖ్యలు కలవక అవస్థ. దానికి లెక్క తేలిక. 1818 మొదటి సంపుటంలో రెండో అధ్యాయం నుంచి సంఖ్యకి 1 కలపాలి, రెండో సంపుటానికి 8, మూడో సంపుటానికి 17. కన్ను తెరిచే రాత్రి మొదటి సంపుటం నాలుగు, కాబట్టి 1831లో అయిదు. ప్రాణి సొంత కథ రెండో సంపుటం మూడు నుంచి ఎనిమిది దాకా, అక్కడ 11 నుంచి 16.

తేడా సంఖ్యల్లోనే లేదు. 1818లో ఎలిజబెత్ విక్టర్‌కి మేనత్త కూతురు, 1831లో బయటి నుంచి తెచ్చి పెంచుకున్న పిల్ల. 1818లో విక్టర్ తన పనులు తనే ఎంచుకున్నట్టుంటాడు, 1831లో విధి లాక్కుపోయిందన్న ధోరణి ఎక్కువ. ఎంచుకునే వీలుంటే 1818 పాఠమే మేలు. విక్టర్ బాధ్యత గురించి వాదించుకోవడానికి అందులో చోటు ఎక్కువ, మాట కూడా పదునుగా ఉంటుంది. ఉపాధ్యాయులు 1831 చెప్పి ఉంటే దానికే కట్టుబడటం మంచిది. జవాబుల్లో ఎలిజబెత్ బంధుత్వం తప్పితే అనవసరంగా మార్కు పోతుంది. రెండు పాఠాలూ కాపీహక్కులు తీరినవే, ఉచితంగా డిజిటల్ రూపంలో దొరుకుతాయి. అధ్యాయాలు లెక్కపెడితే ఏది ఏదో తెలిసిపోతుంది.

కుదించిన పుస్తకాలు మాత్రం వద్దు. పేజీలు తగ్గించేవాళ్లు ముందుగా కోసేది వాల్టన్ ఉత్తరాలని, తరవాత కొట్టంలో గడిచిన ఏడాదిని. ఆ రెండూ పోతే మిగిలేది హత్యల పట్టిక. కొనేముందు మొదటి పేజీలో అక్కకి ఉత్తరం ఉందో లేదో, చివరి పేజీ వాల్టన్ చేతి రాతగానే ముగుస్తోందో లేదో చూసుకుంటే చాలు. అట్ట మీదా లోపలా రాక్షసుడి బొమ్మలున్నవి కూడా వీలైతే మానుకోండి. ఆ ముఖం ఒకసారి కళ్లకెక్కితే పైన చెప్పిన నాలుగు కళ్ల దృశ్యాలూ సగం పనే చేస్తాయి. ఆడియో పుస్తకం మాత్రం దీనికి అద్భుతంగా నప్పుతుంది, ముఖ్యంగా మధ్య భాగానికి.

పూర్తి నవల ఇంగ్లిష్‌లో సుమారు 75,000 పదాలు. నిమిషానికి 200 పదాల చొప్పున చదివితే ఆరుంబావు గంటలు, కాస్త నిదానస్తులకి ఎనిమిది. రోజుకి నాలుగు పేజీలని ముక్కలు చేసి ఇచ్చే పద్ధతి దీన్ని చంపేస్తుంది. 1831 లెక్కలో చెప్పాలంటే ఉత్తరాలూ మొదటి నాలుగు అధ్యాయాలూ ఒక విడత, అయిదు నుంచి ఎనిమిది ఒక విడత, తొమ్మిదీ పదీ ఒక చిన్న విడత. 11 నుంచి 16 దాకా ఎలాగైనా ఒకే కూర్చోడంలో చదవాలి, గంటన్నర పడుతుంది. అది ఒక మనిషి ఆపకుండా చెప్పుకుంటున్న మొర. మధ్యలో ఆపితే విక్టర్ లాగే మనమూ లేచి వెళ్లిపోయినట్టవుతుంది. 17 నుంచి 20 దాకా ఒకటి, మిగిలింది చివరి విడత.

రచయిత్రి జీవితం ఎంత తెలిస్తే అంత లోతు కనిపిస్తుంది, కానీ నవల అయ్యాకే తెలుసుకోవడం మంచిది. మేరీ 1797లో పుట్టిన పది పన్నెండు రోజులకే ఆమె తల్లి, స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ప్రసవం తెచ్చిన జబ్బుతో చనిపోయింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన మొదటి బిడ్డ కొద్ది రోజులకే పోయింది. ఆ బిడ్డని మంట దగ్గర పెట్టి రుద్దితే మళ్లీ ప్రాణం వచ్చినట్టు కలొచ్చిందని దినచర్యలో రాసుకుంది. మరుసటి ఏడు ఎండాకాలంలో జెనీవా సరస్సు ఒడ్డున, తంబోరా అగ్నిపర్వతం చల్లిన బూడిద వల్ల ఎండ మొహం చూడని ఆ వానల్లో, కవి బైరన్ ఇంట్లో దయ్యాల కథలు రాద్దామన్న పందెంలో ఈ నవల మొదలైంది. అప్పటికామెకి పద్ధెనిమిదేళ్లు. వాల్టన్ మొదటి ఉత్తరం తేదీ డిసెంబరు 11, చివరిది సెప్టెంబరు 12. దాదాపు తొమ్మిది నెలలు. ఆ ఉత్తరాలు అందుకునే అక్క మార్గరెట్ వాల్టన్ సావిల్ పేరులోని పొడి అక్షరాలూ, మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పేరులోవీ ఒకటే. మగవాళ్లు ముగ్గురూ చెప్పుకున్న ఈ కథంతా చేరేది ఒక ఆడమనిషి చేతికి. ఆమె జవాబు నవలలో ఎక్కడా లేదు. ఈ కోణంలో వ్యాసం రాయగలిగిన విద్యార్థికి గైడు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. చాలా ముద్రణల్లో ముందుమాట కథంతా చెప్పేస్తుంది, ఎవరెవరు ఎప్పుడు చనిపోతారో సహా. దాన్ని దాటేసి నేరుగా మొదటి ఉత్తరం తెరవండి. 1818 ముద్రణ ముందున్న చిన్న పీఠికని కూడా వదిలేయొచ్చు, అది రాసింది ఆమె భర్త పెర్సీ షెల్లీ. 1831లో మేరీ రాసిన పరిచయం మాత్రం పుస్తకం ముగించిన రోజే చదవాలి. మీ పుస్తకంలో అది లేకపోతే వెతికి తెచ్చుకోండి, కొద్ది పేజీలే.